అద్దాలాయన కట్టుకున్న కంప్యూటరు

డిపోలో ఆయన్ని అందరూ అద్దాలాయన అనేవాళ్లు. మిగతా డ్రైవర్లు బస్సెక్కగానే ఇంజను స్టార్టు చేసేవాళ్లు. ఈయన మాత్రం జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, పక్క అద్దాలు రెండూ తుడిచి, లోపలి అద్దం తుడిచి, సీట్లో కూర్చునేవాడు. కూర్చున్నవాడు మళ్లీ లేచి దిగి, డోరు వైపు అద్దాన్ని గోరంత అటు తిప్పి, వచ్చి కూర్చుని చూసి, పెదవి విరిచి, మళ్లీ దిగి గోరంత ఇటు తిప్పేవాడు. వెనక బస్సువాళ్లు ఎంత హారన్ కొట్టినా తొందరపడేవాడు కాదు.

"ముందున్నది ఎలాగూ కనపడుతుందయ్యా. వెనక ఉన్నది కనపడటానికే కదా ఈ తంటా అంతా," అనేవాడు.

అలా ఏళ్ల తరబడి ఊరి చివర కార్ఖానాల నుంచి పెద్దాసుపత్రి దాకా బస్సు నడిపాడు. ఒకరోజు పొద్దున ఆయన ఎడమ కంటికి ఓ మూల నుంచి నల్లటి తెర దిగడం మొదలైంది. నలుసు పడిందనుకుని నీళ్లు కొట్టుకున్నాడు. సాయంత్రానికి తెర సగం దాకా దిగింది. కంటి వెనక పొర ఊడిందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషను చేసింది, కొన్నాళ్లాగి మళ్లీ చేసింది. పొర అతుక్కుంది గానీ చూపు రాలేదు. కుడి కన్ను నిక్షేపంగా ఉంది. కానీ ఒంటికన్నుతో ఉన్న మనిషికి జనాన్ని ఎక్కించుకునే బండి ఎవరూ ఇవ్వరు. డిపోవాళ్లు ఆయన్ని బస్టాండులో మైకు గదికి మార్చారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీద ఉందో చెప్పడం ఆయన పని.

కన్ను పోయిన కొత్తలో ఆయన్ని ఇబ్బంది పెట్టింది చీకటి కాదు. ఏది ఎంత దూరంలో ఉందో తెలియకపోవడం. గ్లాసులో నీళ్లు పోస్తే గ్లాసు పక్కన పడేవి. తలుపు గడియ మీదికి చెయ్యి చాపితే గాలిలో ఆగిపోయేది. మెట్లు దిగుతున్నప్పుడు చివరి మెట్టు ఇంకా ఉందో అయిపోయిందో పాదం పెట్టి చూసుకోవాల్సి వచ్చేది.

భార్య కుట్టుపని చేస్తుంది. ముందు గదిలోనే ఆమె మిషను, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ బల్ల. ఆసుపత్రుల వాళ్లకి తెల్లకోట్లు, బడిపిల్లలకి యూనిఫారాలు కుట్టి ఇస్తుంది. ఆమె ఆయన అవస్థ రెండ్రోజులు చూసి, మూడో రోజు జగ్గు చేతికిచ్చింది.

"గ్లాసు అంచుకి జగ్గు మూతి ఆనించి పొయ్యండి. కంటితో పనేముంది," అంది.

ఆనించి పోశాడు. ఒక్క చుక్క పక్కన పడలేదు. అలా ఒక్కొక్కటీ నేర్చుకున్నాడు. ఎవరైనా జాలిపడి మాట్లాడితే నవ్వి మాట మార్చేవాడు. కానీ ఎక్కడికైనా బస్సులో వెళ్లాల్సొస్తే డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉన్నా అక్కడ కూర్చునేవాడు కాదు. చివరి వరసకి వెళ్లి కిటికీలోంచి బయటికి చూసేవాడు. భార్య అది గమనించింది.

ఒక ఆదివారం ఇద్దరూ ఆయన అక్క ఇంటికి భోజనానికి వెళ్లారు. అక్క కొడుకు బీమా ఆఫీసులో పనిచేస్తాడు. ముప్పై దాటినా వాడికి ఆటల పిచ్చి వదల్లేదని వాళ్లమ్మ సణుగుడు. భోజనాలయ్యాక మేనల్లుడు తన గదిలో తెర ముందు కూర్చుని, బల్లకి బిగించిన స్టీరింగు తిప్పుతున్నాడు. తెర మీద బస్సు పోతోంది. అద్దాలాయన గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు.

"ఏరా, అద్దాలేవీ?"

"తీసేశాను మామయ్యా. అవి ఉంటే ఆట నత్తనడక నడుస్తోంది."

"అద్దాలు తీసేసి బస్సు నడుపుతున్నావా?"

"ఆటే కదా మామయ్యా. రా, నువ్వు కూర్చో."

వద్దంటూనే కూర్చున్నాడు. మొదటి మలుపులోనే కాలిబాట ఎక్కించాడు. రెండో మలుపు నిదానంగా తీశాడు. ఆ తరవాత ఒక స్టాపు కనపడితే బస్సుని కాలిబాట పక్కకి తీసుకొచ్చి, స్తంభం దగ్గర సరిగ్గా తలుపు వచ్చేటట్టు ఆపాడు. మేనల్లుడు మెచ్చుకోబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు. ఆయన మనసు ఇంకెక్కడో ఉంది.

"ఒరే, ఆ స్తంభం ఎంత దూరంలో ఉందో నీకెలా తెలుస్తోంది?"

"ఎలా అంటే... పెద్దదవుతుంటే దగ్గరికొస్తున్నట్టు."

"అంతేనా? నీకు రెండు కళ్లున్నాయి కదా. ఇంకేం తెలియడం లేదా?"

"తెర బల్లపరుపుగా ఉంటుంది కదా మామయ్యా. ఇంకేం తెలుస్తుంది?"

"ఒక కన్ను మూసి చూడు."

మేనల్లుడు ఒక కన్ను మూశాడు. తెరిచాడు. ఇంకోటి మూశాడు. "తేడా లేదు," అన్నాడు.

అద్దాలాయన స్టీరింగు మీద నుంచి చేతులు తియ్యకుండా అలాగే కూర్చున్నాడు. అక్క వంటింట్లోంచి రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు. కన్ను పోయిన దగ్గర నుంచి ఎక్కడికెళ్లినా ఎదుటివాళ్ల కంటే ఒకటి తక్కువతోనే బతుకుతున్నాడు. ఈ తెర ముందు మాత్రం ఎవరికీ ఎక్కువ లేదు. ఆ సంగతి ఆయనకి సంతోషం కంటే ముందు ఆశ్చర్యం కలిగించింది. బల్లపరుపు తెర మీద లోతున్నట్టు భ్రమ పుట్టిస్తున్నది ఎవరు? ఆయన వంగి బల్ల కిందికి చూశాడు. గాజు పలక వెనక నుంచి రంగురంగుల వెలుగులు చిమ్ముతూ ఒక పెట్టె సన్నగా రొద చేస్తోంది.

"ఈ పెట్టెలో ఏది ఏం చేస్తుంది?"

మేనల్లుడు చూపించాడు. లెక్కలన్నీ వేసేది ప్రాసెసరు. బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. అన్నిటినీ కలిపి ఉంచే పలక మదర్‌బోర్డు. అప్పటికప్పుడు కావలసినవి చేతికందేలా పెట్టుకునేది ర్యామ్.

"మరి బొమ్మ గియ్యడం కూడా లెక్కే కదా? దానికి వేరే మనిషెందుకు?"

"అది... అలా ఉంటుంది మామయ్యా."

"అద్దం పెడితే ఎందుకు నెమ్మదవుతుంది?"

"నేను దీన్ని తయారుగా ఉన్నది కొన్నాను. నాకు తెలిసిందల్లా ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం," అని మేనల్లుడు చేతులెత్తేశాడు. "నీకంతగా కావాలంటే చెప్పు. నా పాతది ఒకటి అటక మీద ఉంది, పట్టుకెళ్లు."

"వద్దురా. లోపల ఏముందో తెలియకుండా బండెక్కడం నాకలవాటు లేదు. నేనే ఒక్కొక్కటీ చూసి ఎంచుకుంటాను."

తిరుగు ప్రయాణంలో ఆయన భార్యకి సంగతి చెప్పాడు. ఇంటి తాళం తీస్తూ ఆమె అడిగింది.

"ఆటలాడే కంప్యూటరా? మీకా?"

"నాకే."

"సరే. ఎక్కడ పెడతారు?"

దాచుకున్న డబ్బులోంచి తియ్యడానికి ఆమెకి అభ్యంతరం లేదు. ఆమె బెంగంతా చోటు గురించే. ముందు గదిలో రెండు బల్లలు, మిషను, గుడ్డల తానులు పోగా మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారే మిగిలింది. మిషను పక్కన గోడకున్న అర చూపించి, "అందులో పట్టేది చూసుకోండి," అంది.

ఆ మర్నాటి నుంచి మైకు గదిలో ఆయనకి కొత్త చదువు మొదలైంది. బస్సుకీ బస్సుకీ మధ్య ఫోనులో వీడియోలు చూసేవాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండో చెవి బస్టాండుకి. ఎవరెవరో కుర్రాళ్లు పెట్టెలు విప్పి, బిగించి, ఇది కొనండి, అది కొనకండి అని వాదించుకుంటూ ఉండేవాళ్లు. ఒకరు బంగారమన్నదాన్ని ఇంకొకరు చెత్త అనేవాళ్లు. ఆయనకి ఆ వాదనలు అక్కర్లేదు. ఎందుకు అన్నదే కావాలి. అది మాత్రం అంత తేలిగ్గా దొరికేది కాదు. ఒక మధ్యాహ్నం ఏదో ఆలోచనలో ఉండి మైకు నొక్కి, "పాత మార్కెట్టుకి వెళ్లే మదర్‌బోర్డు మూడో ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉంది," అనేశాడు. బస్టాండులో కండక్టర్ల నవ్వులు. ఒక ముసలాయన మాత్రం నిజంగానే మూడో ప్లాట్‌ఫాం దగ్గరికెళ్లి మదర్‌బోర్డు ఎక్కడాగుతుందని అడిగాడట.

వీడియోలతో పని కాదని తేల్చుకుని, సెలవు రోజున విడిభాగాల అంగడికి వెళ్లాడు. ఒక ఇరుకు సందులో, చెప్పుల దుకాణం మీద మొదటి అంతస్తులో ఉంది అది. గోడల నిండా అట్టపెట్టెలు. బల్ల వెనక నలభై ఏళ్లావిడ, కొప్పులో పెన్నులాగా ఒక స్క్రూడ్రైవరు దోపుకుని, ఎవరిదో కంప్యూటరు కడుపు విప్పి చూస్తోంది. అంగడి ఆమెదే.

"చెప్పండి సార్. ఏ ఆట ఆడతారు?"

"బస్సు నడపాలమ్మా."

ఆమె తలెత్తింది. తుపాకులాటలు, పరుగు పందేలు చెప్పేవాళ్లే గానీ, ఆ వయసు మనిషి అలా అడగడం ఆమెకి కొత్త.

"కాల్చుకోవడాలు, యుద్ధాలు వద్దా?"

"బస్సు చాలు. కానీ అద్దాలుండాలి. మా మేనల్లుడు తీసేశాడు, నెమ్మదవుతోందని. అద్దం పెడితే ఎందుకు నెమ్మదవుతుందమ్మా?"

ఆమె చేతిలోది పక్కన పెట్టింది. ఎదురుగా ఉన్న కిటికీ చూపించింది.

"ఇప్పుడు మీకు ఆ వీధి కనపడుతోంది కదా. కార్డు ఆ వీధిని గీస్తుంది. ఒకసారి గీస్తే చాలదు, సెకనుకి ఎన్నోసార్లు గియ్యాలి, అప్పుడే కదిలినట్టుంటుంది. మీరు అద్దం పెట్టారనుకోండి. అద్దంలో ఏం కనపడుతుంది?"

"వెనక వీధి."

"అదెవరు గీస్తారు?"

అద్దాలాయన ముఖం విప్పారింది. "అదీ ఆ కార్డే గియ్యాలి. వెనక్కి తిరిగి ఇంకోసారి."

"మీకెన్ని అద్దాలు కావాలో అన్నిసార్లు. అందుకే చాలామంది తీసేస్తారు, లేదంటే మసగ్గా పెట్టుకుంటారు."

"నేను తియ్యను. మసగ్గా పెట్టను."

"అయితే కార్డు దగ్గర బేరం పెట్టుకోకండి. తగ్గితే ఇంకెక్కడైనా తగ్గుదాం," అని ఆమె స్టూలు జరిపింది.

ఆ రోజు ఆయన ఆ స్టూలు మీద నుంచి చాలాసేపు లేవలేదు. గిరాకీ వస్తే ఆమె అటు చూసేది, పోతే ఇటు తిరిగేది. రోడ్డు మీద మిగతా బండ్లు ఎటు పోవాలో ఎవరు చెబుతారని అడిగాడు. ప్రాసెసరని చెప్పింది. నడిచే మనుషులకి? అదే. సిగ్నళ్లకి? అదీ అదే. అన్నీ అదొక్కటే చూసుకోవాలంటే ఎంత ఒత్తిడో ఆయనకి తెలుసు. జనం ఎక్కువున్న వీధిలోకి వెళ్తే ఏమవుతుందని అడిగాడు.

"అప్పుడు కార్డు ఎంత చురుగ్గా ఉన్నా, ఇది చెప్పేదాకా ఆగాల్సిందే. ఒకటి పరిగెత్తి ఒకటి కుంటితే లాభం లేదు. రెండూ జతగా ఉండాలి."

మధ్యరకం ప్రాసెసరు తీసుకోవచ్చని ఆమె చెప్పింది. దానికి సరిపోయే బోర్డు ఏదో, సరిపోనిది ఏదో రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. రెండో దాంట్లో ఆ ప్రాసెసరు అసలు కూర్చోదు. ఆయన రెండు బోర్డుల మీదా వేలితో తడిమి తేడా తెలుసుకున్నాడు. కరెంటు పంచే సప్లై పెట్టె దగ్గర చవకది చూడొద్దంది. అది పాడైతే ఊరికే పోదు, పక్కనున్నవాటిని కూడా తీసుకుపోతుందని.

"రంగు లైట్లు పెట్టమంటారా? అందరూ అడుగుతారు."

"వద్దమ్మా. బస్సులో లోపల లైటు వేస్తే ముందద్దంలో మన మొహమే కనపడుతుంది, రోడ్డు కనపడదు."

ఆమె ఫక్కున నవ్వింది. లైట్లు లేని పెట్టె వెతకడానికి నిచ్చెన ఎక్కాల్సొచ్చింది.

తెర సంగతి మాత్రం అక్కడ తేల్చుకోలేదు. ఇంటికొచ్చి, అట్టపెట్టెలు కత్తిరించి రకరకాల కొలతల్లో తెరలు చేశాడు. వాటిని కుర్చీల మీద నిలబెట్టి, ఎదురుగా కూర్చుని, తల తిప్పకుండా కుడి కంటితో ఎక్కడి దాకా కనపడుతుందో చూసుకున్నాడు. మూడు తెరలు వరసగా పెట్టుకునేవాళ్లని వీడియోల్లో చూశాడు గానీ, ఎడమ వైపుది ఆయన ముక్కు అవతలే ఉండిపోతోంది. వెడల్పాటి తెర ఒకటి తీసుకుని దాన్ని కాస్త కుడికి జరిపితే మొత్తం చూపులోకి వచ్చింది. డోరు వైపు అద్దం వచ్చే చోట పెన్సిలుతో గుండ్రంగా గీశాడు. భార్య చేతిలో కత్తెరతో వచ్చి నిలబడి చూసింది.

"అట్టతో ఆడుకుంటే ఖర్చే ఉండదు కదా," అంది.

"ఇలా కూర్చో. ఈ గీత కనపడుతోందా?"

"నాకెందుకు కనపడదు, రెండు కళ్లున్నాయి," అని ఆమె ఒక కన్ను చేత్తో మూసుకుని ఆయన కుర్చీలో కూర్చుంది. కాసేపు అటూ ఇటూ చూసి, అట్టని ఇంకో వేలు వెడల్పు జరిపింది. "ఇప్పుడు చూడండి."

అది ఇంకా బాగుంది.

రెండోసారి అంగడికి ఇద్దరూ వెళ్లారు. భార్య మెళ్లో కొలతల టేపు వేసుకునే వచ్చింది. అరకి సరిపోయే చిన్న పెట్టె ఒకటి నచ్చింది ఆమెకి. ముద్దుగా ఉంది, మూలల్లో దుమ్ము చేరే సందుల్లేవు. అంగడావిడ కార్డుని అట్టలోంచి తీసి బల్ల మీద పెట్టింది. మూడు ఫ్యాన్లతో ఇటుకలా ఉంది. భార్య టేపు తీసి కార్డు పొడవు కొలిచింది. తరవాత పెట్టె లోపల కొలిచింది. టేపు మీద బొటనవేలు పెట్టి ఉంచి మళ్లీ కొలిచింది.

"రెండు వేళ్ల మేర చాలడం లేదు," అంది.

అంగడావిడ చూసింది. ముందు వైపు ఫ్యాను తీసేస్తే పట్టొచ్చంది. ఫ్యాను తీసేస్తే వేడెక్కదా అని అద్దాలాయన అడిగాడు. వేడెక్కుతుందని ఆమె ఒప్పుకుంది. ఇక మిగిలినవి రెండు దారులు. పొట్టి కార్డు తీసుకుంటే అద్దాలు మసక. పెద్ద పెట్టె తీసుకుంటే అది అరలో పట్టదు. అద్దాలాయన కార్డు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, కింద పెట్టాడు. పొట్టి కార్డు చూపించమని అడగబోతున్నాడని భార్యకి అర్థమైంది.

"పెద్ద పెట్టే ఇవ్వమ్మా," అంది ఆమె. "ఇస్త్రీ బల్ల పడకగదిలోకి పోతుంది."

"రోజూ గుడ్డలు మోసుకుంటూ అటూ ఇటూ తిరగాలి నువ్వు," అన్నాడాయన.

"తిరుగుతాను. రోజంతా కూర్చునే ఉంటున్నాను కదా."

స్టీరింగు, పెడళ్లతో సహా సామాను ఇంటికొచ్చింది. బిగించి పంపిస్తానని అంగడావిడ అన్నా ఆయన ఒప్పుకోలేదు. కత్తిరింపు బల్ల మీద గుడ్డ పరిచి మొదలుపెట్టారు. మరలు తిప్పడం దగ్గర ఆయన కన్ను మోసం చేసింది. స్క్రూడ్రైవరు కొస మర తల మీద కాకుండా పక్కన దిగేది. ఎడమ చూపుడువేలు మర మీద పెట్టి, దాని పక్క నుంచి స్క్రూడ్రైవరు జార్చుకుంటూ వెళ్తే సరిగ్గా గాడిలో పడింది. అలా ప్రతి మరా ముందు వేలితో, తరవాత స్క్రూడ్రైవరుతో బిగించాడు. ప్రాసెసరు దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాని కింద బోర్డులో వెంట్రుకల్లాంటి కొసలున్నాయి. వంగితే అంతే సంగతులు.

"ఇది నువ్వు పెట్టు."

భార్య చేతులు చీరకొంగుకి తుడుచుకుంది. ప్రాసెసరుని అంచులు పట్టుకుని, మూల మీదున్న గుర్తు చూసుకుని, బొత్తం కుట్టే ముందు గుడ్డ మీద ఆనించి చూసినట్టు నెమ్మదిగా దించి వదిలేసింది. అది దానంతటదే కూర్చుంది.

"ఇంతేనా? నొక్కక్కర్లేదా?"

"నొక్కకూడదు."

"అలా అయితే ఇది మా గుడ్డల కంటే నయం," అంది.

సాయంత్రానికి అంతా అమరింది. స్విచ్చు వేస్తే ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ఆయన ర్యామ్ తీసి మళ్లీ నొక్కాడు. కరెంటు తీగలన్నీ చూశాడు. ఏమీ తేడా లేదు. నల్లటి తెర చూస్తుంటే ఆయనకి ఆ పొద్దుటి కంటి తెర గుర్తొచ్చినట్టుంది, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. భార్యే మేనల్లుడికి ఫోను చేసింది.

"తెర తీగ ఎక్కడ గుచ్చారత్తయ్యా? పైన బోర్డుకా, కింద కార్డుకా?"

"పైన."

"కింద గుచ్చండి. బొమ్మలు గీసేది కార్డు కదా."

కింద గుచ్చారు. తెర వెలిగింది. అద్దాలాయన తలకొట్టుకుని నవ్వాడు. అంతసేపు కార్డు గురించి పాఠం విని, చివరికి దాని నోరు మూసి పెట్టాడన్నమాట.

ఆ తరవాతి వారం ఆయన రోజూ డ్యూటీ నుంచి వచ్చి బస్సు నడిపాడు. అద్దాలు మూడూ ఉన్నాయి, నిర్మలంగా. వెనక వచ్చే కారు రంగు కూడా తెలుస్తోంది. స్టాపుల దగ్గర ఆగుతోంది, జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. చూడ్డానికి లోటేం లేదు. కానీ రోజురోజుకీ ఆయన కూర్చునే సమయం తగ్గుతూ వచ్చింది. వారం తిరిగేసరికి స్విచ్చే వెయ్యలేదు. భార్య ఆ పెట్టెకి దుమ్ము పడకుండా మిగిలిన తెల్లగుడ్డతో ఒక తొడుగు కుట్టింది. అది తొడిగాక ఆయన తియ్యలేదు.

"ఏమండీ, పాడైందా?"

"లేదు. బాగానే ఉంది."

"మరి?"

"నిజం బస్సులో బ్రేకు వేస్తే ముందు నడుముకి తెలుస్తుంది. గుంత వస్తే సీటు చెబుతుంది. జనం నిండితే స్టీరింగు బరువెక్కుతుంది. ఇక్కడ కంటికే అన్నీ. నేను కంటితో ఇంత తక్కువ నడిపేవాణ్నని ఇప్పుడు తెలిసింది. నడుపుతున్న కొద్దీ ఏది లేదో అదే తెలుస్తోంది."

ఆమె దారం కొరికి పక్కన పెట్టింది.

"నాకు ఏది లేదో తెలియదు కదా," అంది.

"అంటే?"

"నేనెప్పుడూ నడపలేదు. సైకిలు కూడా రాదు నాకు. ఇన్నేళ్లు మీరు ఇంటికొచ్చి ఆ మలుపు అలా తీశాను, ఈ స్టాపులో ఇలా జరిగింది అని చెబుతుంటే వింటూ కుట్టాను. ఒకసారి చూస్తాను, జరగండి."

ఆయన జరగలేదు. నమ్మలేనట్టు చూశాడు. తరవాత లేచి, తొడుగు తీసి, కుర్చీని ఆమె ఎత్తుకి సరిచేసి, ఇంకో స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు.

"ముందు అద్దాలు."

"బండి కదలకుండానే?"

"కదలకుండానే. కదిలాక చూసేది రోడ్డు."

ఆమె అద్దాలు సర్దుకుంది. యాక్సిలరేటరు మీద మిషను తొక్కినట్టు కాలు వేసింది. బస్సు ఎగిరినంత పని చేసి ఎదుటి దీపస్తంభానికి గుద్దుకుంది. తెర మీద జనం అరిచారు. ఆమె చెయ్యి తీసి నోటి మీద పెట్టుకుంది, వేళ్ల సందుల్లోంచి నవ్వు వస్తోంది.

"పాపం ఎవరికైనా తగిలిందంటారా?"

"లేదు, మళ్లీ మొదటికొస్తుంది. కాలు మెల్లిగా. నీ మిషను ఆపేటప్పుడు ఎలా వదులుతావో అలా."

ఆ పోలిక పట్టుకుని ఆమె రెండోసారి మెల్లిగా కదిలింది. వీధి చివరి దాకా వెళ్లింది. మలుపు దగ్గర, "డోరు వైపు చూడు, వెనక చక్రం ఎక్కడుంది?" అన్నాడు. "కాలిబాటకి బెత్తెడు దూరంలో," అంది. ఆయన తెర కేసి కాకుండా ఆమె ముఖం కేసి చూశాడు. వెనక చక్రం ఎక్కడుందో చూడటం కొత్త డ్రైవర్లకి నెలలు పట్టే పని. చెప్పలేదు. చెబితే ఆ రోజుకి ఆమెని పట్టలేడు.

అలా ఆ బస్సు ఆమెదైంది. పని తెమిలాక కూర్చునేది. ఇండికేటరు వేసి ఆపడం మరిచిపోయి ఊరంతా టిక్కు టిక్కుమంటూ తిరిగేది. ముందు వెళ్లే కారు అడ్డం వస్తే, "ఏం తొందరయ్యా నీకు," అని తెరతో మాట్లాడేది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని నేర్పేవాడు. ఇన్నేళ్లలో ఆమె ఆయనకి నేర్పినవే ఎక్కువ. ఆయన నేర్పుతుంటే ఆమె వినడం ఇద్దరికీ కొత్తగానే ఉంది.

తనకి ఇంకేదైనా దొరుకుతుందేమోనని ఆయన వెతకడం మొదలుపెట్టింది అప్పుడే. జీవితంలో ఎన్నడూ ఎక్కనిది, నడుముకి ఏ జ్ఞాపకమూ లేనిది కావాలి. విమానం చూశాడు, నచ్చలేదు, అంతా మీటలే. రైలు చూశాడు, అది తిప్పనవసరం లేదు. చివరికి అంగడావిడకి ఫోను చేస్తే, ఓడల్ని లాగే చిన్న పడవల ఆట ఒకటుందని చెప్పింది. పెద్ద సరుకు ఓడ రేవులోకి వచ్చేటప్పుడు ఈ చిన్న పడవ దాన్ని తాడుతో లాగి, ముక్కుతో తోసి, గట్టు పక్కకి చేర్చాలి. ఆయన జీవితంలో సముద్రం చూసింది ఒకే ఒక్కసారి, అది కూడా బస్సులోంచి.

మొదటి రోజు పడవని ఆపాలని చూస్తే ఆగలేదు. ఇంజను ఆపేశాడు. అయినా జారుకుంటూ పోయి గట్టుని ఒరుసుకుంది. భార్య మిషను ఆపి ఇటు తిరిగింది.

"బ్రేకు వెయ్యలేదా?"

"లేదు, నీళ్ల మీద బ్రేకుండదు. ఇంజను వెనక్కి తిప్పి నీళ్లని తొయ్యాలి. ఎంత ముందుగా మొదలుపెట్టాలో అదే తెలియడం లేదు."

"మరి గాలి వీస్తే?"

ఆయన తెర కేసి చూశాడు. నీటి మీద సన్నటి ముడతలు ఒక వైపుకి సాగుతున్నాయి. అంతదాకా అవి అందానికి గీశారనుకున్నాడు.

"ఉండు, చూస్తాను," అని కుర్చీ ముందుకి లాక్కున్నాడు.